తొమ్మిదో తరగతి పిల్లలతో రోల్‌ప్లేయింగ్ ఆటల క్లబ్: నిజంగా ఉపయోగం ఉంటుందా? ఎలా నడపాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

నమస్కారమండీ. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. శనివారం నో బ్యాగ్ డే కింద చివరి రెండు పీరియడ్లు, అంటే 80 నిమిషాలు, క్లబ్బులకు ఇచ్చారు. తొమ్మిదో తరగతి, 24 మంది. క్విజ్, వక్తృత్వం, డ్రాయింగ్ ఏది పెట్టినా ముందు బెంచీలో ఉన్న ఆ ఆరుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు గోడకి ఆనుకుని గంట కోసం చూస్తుంటారు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలు, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని కథ నడిపించేవి, పిల్లల బెరుకు పోగొడతాయని, స్నేహాలు కుదురుస్తాయని చాలాచోట్ల రాస్తున్నారు. ఇందులో నిజమెంత, ప్రచారమెంత? నిజమే అయితే ఇవి చెప్పండి: వందల పేజీల ఇంగ్లీషు రూల్‌బుక్ లేకుండా ఆడించొచ్చా? ఖర్చు దాదాపు సున్నా ఉండాలి. టీచర్ని నేనొక్కణ్ణే. పాచికలు అనగానే జూదం అనే తల్లిదండ్రులూ ఉన్నారు.

పాచికలపెట్టె

మాస్టారూ, 24 మందినీ ఒకే ఆటలో కూర్చోబెట్టే ఆలోచన ఉంటే ముందు అది మానుకోండి. ఈ ఆట వల్ల వచ్చే మేలంతా బల్ల ఎంత చిన్నదో దాన్ని బట్టే ఉంటుంది. లెక్క చూడండి. 40 మంది క్లాసులో 40 నిమిషాల పీరియడు మొత్తం పిల్లలకే వదిలేసినా తలా ఒక్క నిమిషం. ఐదుగురు ఆటగాళ్లు, ఒక కథకుడు ఉన్న బల్ల దగ్గర 50 నిమిషాల ఆటలో సగం కథకుడికి పోయినా తలా 5 నిమిషాలు మాట్లాడతారు. అదీ పాఠం అప్పజెప్పడం కాదు, నిర్ణయం తీసుకుని చెప్పడం. అదే బల్లకు ఎనిమిది మంది అయితే తలా 3 నిమిషాలు, పైగా చివర్లో ఉన్న ఇద్దరు వేరే కబుర్లలో పడతారు. మీ 24 మందీ సరిగ్గా 4 బల్లలు: ఒక్కో బల్లకు 5+1.

రూల్‌బుక్ సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చారు. బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధపుటాటల్లోంచి పుట్టింది కాబట్టి దాని రూల్సులో ఎక్కువ భాగం కొట్లాట గురించే. 80 నిమిషాల్లో ఆ కొట్లాట రూల్సు పట్టుకుంటే ఒక్క యుద్ధంతో గంట కొడతారు. వాటిని వదిలేయండి. మనకు కావలసింది అసలు గుండెకాయ: కథకుడు పరిస్థితి చెబుతాడు, ఆటగాడు తన పాత్ర ఏం చేస్తుందో చెబుతాడు, ఫలితం అనుమానంగా ఉన్నచోట మాత్రమే ఏదో ఒకటి విసిరి చూస్తారు, వచ్చినదాన్ని బట్టి కథ మలుపు తిరుగుతుంది. బుర్రకథలో కథకుడు చెబుతుంటే వంతలు అడ్డం పడి ప్రశ్నలేస్తారే, ఇక్కడ ఆ వంతలే కథను తమ వైపు లాక్కుపోతారు. అంతే తేడా.

పాచికలు కొనక్కర్లేదు. చింతపిక్కలు చాలు. గరుకు సిమెంటు గట్టు మీద కాస్త నీళ్లు చల్లి ఒకవైపు తెల్లపప్పు కనబడేదాకా అరగదీయండి. బల్లకు 5, మొత్తం 20 పిక్కలు, పాడైనవాటికి బదులు ఇంకో పది. రూలు ఇది:

మామూలుగా 3 పిక్కలు విసురుతాం. ఆ పని మన పాత్రకు చేతనైనదైతే 4. పక్కవాడు సాయం పడితే ఇంకోటి కలుస్తుంది. 5 దాటకూడదు. తెల్లవి 3 లేదా ఎక్కువ పడితే పని అయింది. 2 పడితే "అయింది, కానీ…", ఆ కానీ ఏమిటో కథకుడు చెబుతాడు. 1 లేదా 0 అయితే కాలేదు, పరిస్థితి ముదిరింది.

ఇందులో కీలకం సాయం పిక్క. సాయం చేసేవాళ్లు ఎలా చేస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పి తీరాలి, బెడిసికొడితే దెబ్బ ఇద్దరికీ. ఈ రెండు షరతులూ పెట్టకపోతే రెండో వారానికల్లా "నేనూ సాయం" అంటూ అందరూ చూడకుండానే పిక్క పడేస్తారు. అప్పుడిక అది సహకారం కాదు, అలవాటు.

పాత్ర చీటీ ఏ4 కాగితంలో నాలుగో వంతు చాలు. పేరు, చేతనైన పనులు రెండు, ఒక భయం, ఒక కోరిక, ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: ఈ బల్ల దగ్గర ఉన్న ఒక పాత్రతో పాత సంబంధం. "నా గొడ్డు తప్పిపోతే వెతికి తెచ్చింది ఈమె." ఈ చివరి గడి ఖాళీగా వదిలేస్తే ఐదుగురు ఐదు దిక్కులకు పోతారు, కథకుడు ఐదు కథలు నడపలేక చేతులెత్తేస్తాడు.

మొదటి కథకు రాక్షసులు, డ్రాగన్లు వద్దు. ఇలాంటిది పెట్టండి. ఊరి చెరువు, రాత్రి, ఎడతెరిపి లేని వాన. తూము తలుపు ఇరుక్కుపోయింది. తెల్లారేలోగా తెరవకపోతే కట్టకు గండి పడుతుంది. తూము గుట్టు తెలిసిన నీరటికాడు (చెరువు నీళ్లు వదిలే మనిషి) ఊరి మీద అలిగి ఇంట్లో పడుకున్నాడు. అలుగును కొంచెం కొడితే నీళ్లు పోతాయి కానీ కింద ఊరి వరి మునుగుతుంది. కాగితం మీద ఆరు గళ్లు గీయండి. పని కాని ప్రతిసారీ ఒక గడి నింపాలి. మూడో గడికి కట్ట మీద ఊట మొదలవుతుంది, ఆరో గడికి గండి. 50 నిమిషాల్లో 15 సార్లు విసురుతారనుకుంటే, 4 పిక్కలతో సగటున 4 లేదా 5 గళ్లు నిండుతాయి. అంటే చివరిదాకా ఉత్కంఠ ఉంటుంది, గండి పడటం మాత్రం ఖాయం కాదు.

ఈ కథలో కత్తితో తెగేది ఏదీ లేదు. నీరటికాణ్ణి బతిమాలాలి, కింద ఊరివాళ్లతో ఒప్పందం చేసుకోవాలి, ఈత వచ్చినవాణ్ణి నమ్మి తాడు పట్టుకోవాలి. మీరు పిల్లల్లో చూడాలనుకుంటున్న మాటలన్నీ వాళ్లంతట వాళ్లే అనాల్సి వస్తుంది.

80 నిమిషాలను ఇలా కోయండి: కుర్చీలు సర్దడానికి 5, పోయినవారం ఏమైందో పిల్లలే చెప్పడానికి 5, ఆట 50, ఆట తర్వాత మాట్లాడుకోవడం 15, చివరి 5 వదిలేయండి. ఆ 15 నిమిషాల్లోంచి మాత్రం కోత పెట్టకండి. కారణం ఎవరైనా కౌన్సెలర్ చెబితే బాగుంటుంది.

లెక్కలపంతులు

పై రూలుకు లెక్క వేశాను, మీ గణితం టీచరుకు పనికొస్తుంది. పిక్క సమంగా పడుతుందనుకుంటే:

3 పిక్కలు: పని అవడం 8లో 1 (12.5 శాతం), "కానీ" 8లో 3, కాకపోవడం 8లో 4.
4 పిక్కలు: 16లో 5 (31 శాతం), "కానీ" 16లో 6, కాకపోవడం 16లో 5.
5 పిక్కలు: 32లో 16 (సరిగ్గా సగం), "కానీ" 32లో 10, కాకపోవడం 32లో 6.

చేతనైనవాడు ఒంటరిగా చేస్తే 31 శాతం, స్నేహితుడు చేయివేస్తే 50. ఒక్క పిక్కకు ఇంత తేడా. పిల్లలు దీన్ని సూత్రంగా కాక రెండు వారాల్లో చేతివేళ్లతో తెలుసుకుంటారు, ఆ తర్వాత ఎవరూ అడగకుండానే సాయం కోసం చుట్టూ చూస్తారు.

పిక్క సరిగ్గా అరిగిందో లేదో చూడాలి. తక్కువ అరిగితే గుండ్రటివైపు దొర్లి ఒకేలా పడుతుంది. 5 పిక్కలు 40 సార్లు విసరండి, మొత్తం 200 సార్లు పిక్క పడినట్టు. తెల్లవి 86 నుంచి 114 మధ్య వస్తే వాడుకోండి. బయటికి పోతే ఏ పిక్క దొంగదో విడిగా విసిరి పట్టుకోవాలి. ఇదే ఒక పీరియడు పాఠం. గవ్వలు వాడదామనుకుంటారేమో, అవి రెండు వైపులా సమంగా పడవు. అష్టాచెమ్మాకి ఫరవాలేదు కానీ పైన వేసిన లెక్క వాటికి కుదరదు.

లూడో పాచికలు రెండు ఉంటే ఇంకో దారి. రెండూ కలిపి 10 లేదా ఎక్కువ పడితే పని అయింది, 7 నుంచి 9 "కానీ", 6 లేదా తక్కువైతే కాలేదు. చేతకాని పనికి 17, 42, 42 శాతం. చేతనైతే మొత్తానికి 1 కలపండి: 28, 44, 28 అవుతుంది. సాయానికి ఇంకో 1: 42, 42, 17. పిక్కలతో దాదాపు ఇదే వరస.

మాటతోడు

స్కూలు కౌన్సెలింగ్ వైపు నుంచి రాస్తున్నాను. గోదారిగట్టు గారి మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల్లో చాలావరకు చిన్న గుంపుల మీద చేసినవే. ఆడేవాళ్లను కూర్చోబెట్టి అడిగినవి ఎక్కువ, పోల్చిచూసే రెండో గుంపు పెట్టి కొలిచినవి తక్కువ. అవి చెబుతున్నది ఆశాజనకంగానే ఉంది: ఒంటరితనం తగ్గడం, నలుగురిలో మాట్లాడే ధైర్యం, ఒక గుంపు మనదనిపించడం. మార్కులు పెరుగుతాయని, ఆందోళన జబ్బు నయమవుతుందని మాత్రం హెడ్మాస్టరు గారికి చెప్పకండి. డెన్మార్క్‌లోని హోబ్రోలో ఓస్టర్‌స్కోవ్ అనే హాస్టల్ స్కూలు 2006 నుంచి పాఠాలనే రోల్‌ప్లే ద్వారా చెబుతోంది. అది బడి మొత్తం దానికోసమే కట్టుకున్న పద్ధతి. మీ శనివారం క్లబ్బును దాంతో పోల్చుకుని నిరాశపడొద్దు.

మేలు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే దాన్ని పోగొట్టుకోకుండా ఉంటాం. మొదటిది, పాత్ర ఒక అడ్డు. మాట తప్పైతే ఆ తప్పు పాత్రది, తనది కాదు. అందుకే బెరుకున్న పిల్లల్ని మొదట్లో "రంగడు తలుపు తడతాడు" అని మూడో మనిషిలా చెప్పనివ్వండి. "నేను అను, నటించి చూపించు" అని తొందరపెడితే ఆ అడ్డు పడిపోతుంది. నాలుగైదు వారాలకు వాళ్లే "నేను" అంటారు. అనకపోయినా నష్టం లేదు.

రెండోది, అవే మొహాలు. ఆరు వారాలు ఒకే బల్ల, ఒకే ఐదుగురు. సమానంగా ఉండాలని ప్రతివారం గుంపులు కలిపేసే టీచర్లుంటారు. అలా చేస్తే ప్రతి శనివారం మొదటి రోజే అవుతుంది. మొదట బల్లలు వేసేటప్పుడు ప్రతి పిల్లాడికీ తెలిసిన ఒక్కరైనా ఆ బల్ల దగ్గర ఉండేలా చూడండి. ప్రాణస్నేహితులు నలుగురినీ మాత్రం ఒకేచోట పెట్టొద్దు.

మూడోది ఆట తర్వాత మాట. పాచికలపెట్టె గారు 15 నిమిషాలు ముట్టుకోవద్దన్నది ఇందుకే. కథలో నీరటికాణ్ణి ఒప్పించిన పిల్లకు, రేపు గొడవపడ్డ స్నేహితురాలితో అలాగే మాట్లాడొచ్చని దానంతట అది తట్టదు. మూడు ప్రశ్నలు చాలు: ఈ రోజు ఎవరు చేసిన ఏ పని నచ్చింది? ఎక్కడ ఇరుక్కుపోయాం, ఎలా బయటపడ్డాం? బయట ఇలాంటిది ఎక్కడైనా జరుగుతుందా? మూడోదానికి జవాబు రాకపోతే లాగకండి. మొదటి ప్రశ్నకు పక్కవాడి పేరు చెప్పాలి, తన పేరు చెప్పకూడదు. ఎప్పుడూ ఎవరూ పేరెత్తని పిల్లాడి పేరు ఆ బల్ల దగ్గర నలుగురి నోట వినబడటం ఏ వ్యక్తిత్వ వికాసం క్లాసులోనూ జరగదు.

ఇక తప్పులు జరిగేచోట్లు. మొదటి రోజు ఆట పెట్టకండి, ఒప్పందాలు పెట్టండి. ఖాళీ చీటీలిచ్చి "మా కథలో ఇవి వద్దు" అని పేరు లేకుండా రాయించండి. తాగొచ్చి కొట్టే నాన్న, నీళ్లలో మునగడం, పాములు, ఏదైనా సరే. ఆ చీటీలు మీరొక్కరే చదివి నలుగురు కథకులకూ జాబితా ఇవ్వండి. చూశారా, మునగడం అని ఒక్క చీటీ వచ్చినా ఆ బల్లకు చెరువు కథ మార్చాల్సిందే. కరువులో ఊటబావి వెతికే కథ పెట్టండి, ఆరు గళ్లూ అలాగే పనిచేస్తాయి.

బల్ల మధ్యలో గుణకారం గుర్తు వేసిన కార్డు ఒకటి ఉంచాలి. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆటల రూపకర్త అలవాటు చేసిన పద్ధతి ఇది, ఎక్స్ కార్డు అంటారు. ఎవరు దాన్ని తాకినా ఆ ముక్క వదిలేసి కథ ముందుకు పోవాలి, ఎందుకని అడగకూడదు. కాగితం మీద బాగుంటుంది కానీ మన పిల్లలు సిగ్గుపడి తాకరు. అందుకే నమూనా ఆటలో మీరే ముందు తాకండి, అదీ చిన్నదానికి. జెర్రి వచ్చిందనగానే కార్డు తాకి "ఇది వద్దు, తర్వాత?" అనండి. టీచరు తాకితే అది తాకదగ్గ వస్తువవుతుంది.

పాత్ర కోపం ఇంటిదాకా పోకుండా చూసుకోవాలి. కథలో మోసపోయిన పిల్లాడు సైకిల్ స్టాండు దగ్గర నిజంగా మాట్లాడటం మానేస్తాడు. ఆట అయ్యాక అందరూ పాత్ర చీటీ మడిచి డబ్బాలో వేసి, ఒక్కొక్కరు తమ అసలు పేరు పైకి చెప్పాలి. పిల్లచేష్టలా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

ఒక పిల్లాడి బాధ తెలిసి, సరిగ్గా ఆ బాధ మీదే కథ అల్లొద్దు. అది చికిత్స, దానికి శిక్షణ కావాలి. కథ మాటున ఏదైనా నిజం బయటపడితే బల్ల దగ్గర అడగకండి, తర్వాత ఒంటరిగా వినండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక సాయానికి టెలిమానస్ 14416. లైంగిక వేధింపు అని అనుమానం వచ్చినా పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు తెలపడం మీ బాధ్యత. "పిల్ల కథ చెప్పింది, నిజమో కాదో" అని ఊరుకోవడానికి లేదు.

గోదారిగట్టు

చాలా ఉపయోగంగా ఉందండీ. రెండు సందేహాలు మిగిలాయి. నలుగురు కథకులు ఎవరు? పిల్లలే అయితే ఆ ఆరుగురు వాగుడుకాయల్లోంచే వస్తారు కదా, అప్పుడు మళ్లీ వాళ్ల చేతికే మైకు ఇచ్చినట్టు కాదా? రెండోది, ఒక పిల్లాడు అన్నిటికీ తనే దూకుతాడు, ఒక పిల్ల "ఏం చేస్తావు?" అంటే తల దించుకుంటుంది. కథకుడు కూడా తొమ్మిదో తరగతి పిల్లాడే, ఏం చేయగలడు?

పాచికలపెట్టె

ఆ ఆరుగురిలో నలుగుర్ని కథకుల్ని చేయడమే దీనికి మందు. కథకుడి పని చెప్పడం తక్కువ, అడగడం ఎక్కువ. వాగేవాడికి అడిగే పని అప్పగిస్తే వినక తప్పదు. మిగతా ఇద్దర్నీ వేర్వేరు బల్లలకు వేయండి.

మొదటి శనివారం అందరికీ ఒప్పందాల చీటీలు. తర్వాతి రెండు శనివారాలూ మీరే కథకుడు, ఆ నలుగురితోపాటు ఇంకొకరు ఆటగాళ్లు. మిగతా పంతొమ్మిది మందికి ఒక వారం పిక్కలు అరగదీయడం, ఇంకో వారం పాత్ర చీటీలు, బల్లకొక ఊరి పటం గీయడం. నాలుగో వారం నుంచి నాలుగు బల్లలూ మొదలు, మీరు మధ్యలో నడుస్తూ ఉంటారు, కూర్చోరు. ఆరు వారాల తర్వాత కథకులు మారాలి. లేకపోతే పాత కథకుడు బల్లకు పెదరాయుడైపోతాడు.

కథకుడికి ఐదు లైన్ల కాగితం ఇవ్వండి: ఎక్కడ, ఏం కావాలి, ఎవరు అడ్డం, గళ్లు, ఇంకా పది పేర్లు. పేర్లు ఎందుకంటే, ఆటగాళ్లు తప్పకుండా "ఆ కొట్టువాడి పేరేంటి?" అంటారు. పేరు తట్టక కథకుడు నసుగుతుంటే ఊపంతా పోతుంది. కథ మొత్తం రాసుకొచ్చే పిల్లలుంటారు, అది ఇంకా ప్రమాదం. తాను రాసిన దారిలోకే అందర్నీ నెడతాడు.

తల దించుకునే పిల్లకు "ఏం చేస్తావు?" అనేది చాలా పెద్ద ప్రశ్న, నలుగురూ చూస్తుంటే అది పరీక్షే. కథకుడికి ఈ మెట్లు నేర్పండి:

"లాంతరు నీ చేతిలో ఉంది. కట్ట వైపు పట్టుకుంటావా, తూము వైపా?"
"తూము వైపు."
"అక్కడ ఏదో ఇరుక్కుంది. కొమ్మా, బట్టా?"
"…బట్ట. ఎర్రది."
"ఎవరిదై ఉంటుంది?"

రెండింట్లో ఒకటి ఎంచుకోవడం, తర్వాత ఒక్క వివరం, ఆ తర్వాత తెరిచిన ప్రశ్న. ఆ ఎర్ర బట్ట కథకుడి కాగితంలో లేదు, ఆ పిల్ల కల్పించింది. ఇప్పుడు బల్ల మొత్తం ఆమె జవాబు కోసం చూస్తుంది. జవాబు రాకపోతే "ఆలోచించుకో, మళ్లీ వస్తా" అని పక్కకు వెళ్లి, నిజంగా మళ్లీ రావాలి. రాకపోతే అది వదిలేయడమే.

దూకుడు పిల్లాడికి మాటలతో చెప్పి లాభం లేదు. ప్రతి ఒక్కరి ముందూ ఒక అగ్గిపుల్ల పెట్టండి. తన వంతు చేసినవాడు పుల్ల మధ్యకు జరపాలి, అందరి పుల్లలూ మధ్యకు చేరాకే మళ్లీ తీసుకోవాలి. సాయం చేయడానికి పుల్ల అక్కర్లేదు. అంటే వాడికి ఊరుకోలేక మాట్లాడాలనిపిస్తే పక్కవాడికి సాయపడటమే దారి. వాడి హుషారు పోదు, దారి మళ్లుతుంది.

మన భాష కూడా ఇక్కడ కలిసొస్తుంది. పాత్రను పాత్ర హోదాను బట్టి పిలవాలని నియమం పెట్టండి. ఎప్పుడూ "ఒరేయ్" అనిపించుకునే పిల్లాడు కథలో ఊరి పెద్ద అయితే, క్లాసు లీడరు అతనితో "తమరు ఒక్కసారి రావాలండీ" అనాలి. మొదట్లో నవ్వుకుంటారు. మూడో వారానికి ఆ "అండీ" సహజంగా వస్తుంది. ఇంగ్లీషులో ఆడితే ఇది పోతుంది, కాబట్టి ఆట తెలుగులోనే నడిపించండి.

బడిబయట

పైన చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి కానీ ఎవరూ ముట్టుకోనిది ఒకటుంది. మన పిల్లలకు ఊరి కథ ఇస్తే ఊళ్లో ఉన్న ఎచ్చుతగ్గులన్నీ బల్ల మీదికొస్తాయి. నీరటికాడు అనగానే ఆ పాత్రను ఏకవచనంలో, వెటకారంగా పిలిచే పిల్లలుంటారు. ఆ ఇంటిపేరు, ఆ వృత్తి ఉన్న పిల్లాడు అదే బల్ల దగ్గర ఉండొచ్చు. బెరుకు పోగొట్టబోయి పాత దెబ్బ మీద కొట్టినట్టవుతుంది. పాత్ర పేర్లకు కులం తోక వద్దు, కులాన్ని పట్టి వెక్కిరించే మాట ఏ పాత్ర నోట్లోంచీ రాకూడదు, నీరటికాణ్ణి "మీరు" అనే పిలవాలి. అసలు తూము గుట్టు తెలిసింది ఆయనొక్కడికే. ఆడపిల్లల పాత్రలు వంటింటి దగ్గర ఆగిపోకుండా కూడా కథకుడు చూసుకోవాలి. తాడు పట్టుకునేదెవరు, ఈదేదెవరు అన్నది చీటీలో రాసిన చేతనైన పనిని బట్టే.

దేవుళ్లను పాత్రలుగా తీసుకోనివ్వకండి. హనుమంతుడికి సున్నా తెల్లలు పడ్డాయంటే గొడవ బల్ల దగ్గర ఆగదు. పురాణం బదులు జానపదం చాలా వీలు: ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం, పేదరాశి పెద్దమ్మ ఇల్లు, మాట్లాడే మర్రిచెట్టు. దారి తప్పినప్పుడల్లా పేదరాశి పెద్దమ్మ ఇంటికి చేర్చి, అన్నం పెట్టించి, ఒక ఆచూకీ చెప్పించొచ్చు. కథకుడికి అంతకన్నా మంచి చుట్టం లేదు.

తల్లిదండ్రులకు "గేమ్" అని రాస్తే ఫోను అనుకుంటారు, "పాచికలు" అని రాస్తే జూదం. "కథ చెప్పుకునే ఆట. ఫోను లేదు, డబ్బు లేదు, పందెం లేదు. చింతపిక్కలతో ఆడతారు. ఏ శనివారమైనా వచ్చి చూడొచ్చు" అని నాలుగు లైన్లు పంపండి. ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లు దయ్యాల ఆట అని అడగొచ్చు. 1980లలో అమెరికాలో అలాంటి కలవరం నిజంగానే రేగింది, 1983లో ఈ ఆటకు వ్యతిరేకంగా ఒక సంస్థే పెట్టారు. ఆత్మహత్యలకు ఈ ఆటే కారణమన్న ఆరోపణ నిలబడలేదు. వాదించే బదులు పిల్లల పాత్ర చీటీలు చూపించండి.

ముందుముందు డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా ఆడతామంటే డబ్బు పెట్టక్కర్లేదు. దాని మూల నియమాల పత్రం 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్సు కింద వదిలారు. మూలం పేరు పేర్కొంటూ తెలుగులోకి మార్చుకుని జిరాక్సు తీసి పంచొచ్చు.

గోదారిగట్టు

పేర్ల సంగతి, "మీరు" సంగతి నాకు తట్టలేదండీ, ఒప్పందాల రోజే పెడతాను. చివరిగా, ఈ ఏడాది బడి ముగిసేదాకా నడిపితే హెడ్మాస్టరు గారికి ఏం చూపించాలి?

మాటతోడు

మార్కులు వేయకండి, వేసిన రోజే క్లబ్ పోయి క్లాసవుతుంది. నాలుగు బల్లలూ మొదలైన దగ్గర్నుంచి లెక్కేసి మొదటి, నాలుగో, ఎనిమిదో వారాల్లో బల్లకు 10 నిమిషాల చొప్పున పక్కన నిలబడి ఎవరు ఎన్నిసార్లు నోరు విప్పారో గీతలు పెట్టుకోండి. నాలుగు బల్లలకు 40 నిమిషాలు, ఆట సమయంలో సరిపోతుంది. గీతలు ఒకరిద్దరి దగ్గరే పోగుపడ్డాయా, అందరికీ పంచుకున్నాయా అన్నది చూడండి. ఇంకో లెక్క: ఎవరు ఎవరికి సాయం పిక్క ఇచ్చారు. ఎనిమిదో వారానికీ ఎవరి దగ్గరనుంచీ పిక్క అందని పిల్లాడు కనబడితే, చూపించాల్సింది హెడ్మాస్టరుకు కాదు, ముందు మీరే ఆ బల్ల దగ్గర కాసేపు కూర్చోండి.

లెక్కలపంతులు

ఒక చిన్న సంగతి. మా వైపు చింతగింజలంటాం, ఏదైనా ఒకటే: పురుగు పడుతుందని వేయించకండి, నానబెట్టకండి. తొక్క ఊడి రెండు వైపులా తెల్లగా అయిపోతాయి, ఇక ప్రతి పనీ అయిపోతూనే ఉంటుంది. అరగదీశాక రెండు రోజులు ఎండబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి.